ఐదో లెవెల్ దాటకుండా

ఆ వీడియో ఆటను తయారు చేసినవాడెవడో గానీ మనుషుల మీద పగబట్టి చేసి ఉంటాడు. కత్తి తిప్పడం నేర్చుకుని, నాలుగు దెబ్బలు తిని రాటుదేలి, హమ్మయ్య ఇక నాకు ఎదురు లేదనుకుని అడవిలో అడుగు పెడతాం. నిన్నటిదాకా ఎలుకలు తిరిగిన చోట ఇవాళ తోడేళ్ళు తిరుగుతుంటాయి. మనం ఒక లెవెల్ పెరిగితే అడవి కూడా ఒక లెవెల్ పెరుగుతుంది. మరి పెరిగి ఏం లాభం అని అడుగుదామంటే ఆట చేసినవాడి అడ్రసు ఎవరికీ తెలియదు.

చార్టమ్మకు మాత్రం దీనికో తిరుగుడు దారి తెలుసు. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఈ ఆట ఆడీ ఆడీ పరీక్ష ఒకటి పోగొట్టుకున్న మనిషి ఆమె. ఇప్పుడు బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తుంది. ఏ డ్రైవరు ఏ రోజు ఏ రూటు, ఎవరికి ఎప్పుడు సెలవు, అంతా గళ్ళ కాగితం మీద ఆమె పెన్సిలు రాసిందే రాత. అందుకే డిపో అంతా చార్టమ్మ అంటారు, చివరికి ఇంట్లో అమ్మ కూడా కోపం వస్తే అదే పేరుతో పిలుస్తుంది. నడుము నొప్పి ఉన్నవాడికి గుంతల రోడ్డు పడకుండా, కొత్తగా తండ్రైనవాడికి తెల్లవారుజాము డ్యూటీ పడకుండా చూసుకుంటుంది. అడిగి చేయడం మాత్రం ఆమెకు అలవాటు లేదు. ఒకసారి మోకాలు వాచిన డ్రైవరు ఒకతనికి దూరపు రూటు తప్పించి దగ్గర రూటు వేసింది. అతను వచ్చి లబోదిబోమన్నాడు. ఆ దూరపు రూటు చివర్లో వాళ్ళ అక్క ఇల్లుందట, వారానికోసారి అక్కడే భోంచేస్తాడట. "ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆమె ఏమాత్రం తొణకలేదు. మోకాలికి మంచిదే చేశాను కదా అనుకుంది.

ఇప్పుడు ఆమె చార్టు వేస్తున్నది వాళ్ళ నాన్నకు.

నాన్న తాళాలు బాగుచేసే మనిషి. నలభై ఏళ్ళపాటు ఒక మనిషి నిలబడితే రెండో మనిషికి చోటు లేని కొట్లో కూర్చుని తాళంచెవులు చెక్కాడు. తాళాలాయన అంటే చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. ఆయన గొంతు ఎలా ఉంటుందో మాత్రం చాలామందికి తెలియదు. "ఎన్ని?" అనేవాడు, "సాయంత్రం" అనేవాడు, దుకాణం మూసేవాడు. ఇంట్లోనూ అంతే. అమ్మ మాట్లాడుతూ ఉండేది, ఆయన తలూపుతూ ఉండేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయనకు చెవుడేమోనని అమ్మ వెనక నుంచి గిన్నె పడేసి చూసిందట. ఉలిక్కిపడ్డాడు కానీ నోరు మాత్రం విప్పలేదట.

ఏడాది కింద ఆయన చెయ్యి తాళంచెవిని వదిలేయడం మొదలుపెట్టింది. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు. డాక్టరు ఆయన చేతులకు సూదులు గుచ్చి, తీగలు తగిలించి, తెర మీద గీతలు చూసి, నరాల జబ్బు అన్నాడు. తగ్గేది కాదన్నాడు, పెరిగేదేనన్నాడు. ఎటు పెరుగుతుంది, ఎంత తొందరగా పెరుగుతుంది అని చార్టమ్మ నోటుబుక్కు తీసింది. "అది చెప్పగలిగితే మేమూ రాసి ఇచ్చేవాళ్ళం" అన్నాడు డాక్టరు. ఆ పేజీ ఖాళీగా ఉండిపోయింది. గంట తర్వాత ఏ బస్సు ఎక్కడుంటుందో చెప్పగల మనిషికి అలాంటి ఖాళీ పేజీ ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మాట చెప్పింది. జబ్బును ఆపలేం గానీ వేళ్ళు బిగుసుకుపోకుండా చూసుకోవచ్చు, రోజుకో గంట కదిలిస్తూ ఉండాలి అంది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. నాన్న ఆ బంతిని ఎడంచేత్తో తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు, మళ్ళీ దాని మొహం చూడలేదు. అప్పుడు చార్టమ్మ అటక మీంచి తన పాత ఆట పెట్టె దింపి, టీవీకి తగిలించి, కంట్రోలరు నాన్న చేతుల్లో పెట్టింది. వేళ్ళన్నిటికీ తలా ఒక మీట. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎన్ని స్క్రూలున్నాయో లెక్కపెట్టి, ఆడటం మొదలుపెట్టాడు.

మొదటిసారి ఆటలో తయారుగా ఉన్న యోధుణ్ణి ఇచ్చింది. పెద్ద తప్పు. ఆ యోధుడు కత్తి తిప్పినప్పుడల్లా లెవెల్ పెరిగింది. నెల తిరిగేసరికి ఏడో లెవెల్. అడవినిండా ఎలుగుబంట్లు. నాన్న వేలు మీట మీదకు వెళ్ళేలోపు ఎలుగుబంటి పని కానిచ్చి పోయేది. మూడు రోజులు వరసగా చచ్చాక ఆయన కంట్రోలరును నేలమీద పెట్టాడు. ఎనిమిది రోజులు ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు భోజనం దగ్గర చెంచా ఆయన చేతిలోంచి జారి గిన్నెలో పడింది, చొక్కా అంతా చిందింది. అమ్మ లేచి తుడిచింది. నాన్న ఆ చేతిని బల్ల కింద పెట్టుకున్నాడు.

అంటే లెక్క తేలిపోయింది. నాన్న ఓడిపోతే ఆడడు, ఆడకపోతే వేళ్ళు పోతాయి. కాబట్టి నాన్న ఓడిపోకూడదు, అడవి పెరగకూడదు. డాక్టరు చేతుల్లో లేని పని తన చేతుల్లో ఉందని చార్టమ్మకు అనిపించింది. మర్నాడు డిపోలో భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే ఆమె గళ్ళ కాగితం విప్పుకుంది.

ఆ తిరుగుడు దారి ఇది. ఆట మొదట్లో మన మనిషిని మనమే తయారు చేసుకోవచ్చు. పద్దెనిమిది విద్యలుంటాయి, వాటిలో ఆరింటిని ముఖ్యమైనవిగా ఎంచుకోవాలి. ఆ ఆరు పెరిగితేనే లెవెల్ పెరుగుతుంది. మిగతా పన్నెండు ఎంత పెరిగినా లెవెల్‌కు చీమ కుట్టినట్టైనా ఉండదు. తెలియనివాళ్ళు తమకు బాగా వచ్చినవి ఎంచుకుని ఎలుగుబంట్ల నోట్లో పడతారు. తెలిసినవాళ్ళు జన్మలో చెయ్యనివి ఎంచుకుంటారు. అప్పుడు కత్తి పదునెక్కుతూనే ఉంటుంది, అడవిలో మాత్రం ఎలుకలే ఉంటాయి.

నాన్న జన్మలో చెయ్యనివేమిటి? ఆ పరీక్షలో తనకు నూటికి నూరు అనుకుంది చార్టమ్మ. ఇనుప కవచం రాసింది, చలికాలం స్వెటరే బరువని విప్పేసే మనిషి కదా. పెద్ద గొడ్డలి రాసింది, ఒక చేత్తోనే కష్టంగా ఉంటే రెండు చేతులా ఏం ఎత్తుతాడు. జేబులు కొట్టడం, అది అడగనే అక్కర్లేదు. దయ్యాలను పిలవడం, ఆయనకు నమ్మకం లేదు. తాళాలు తెరవడం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆటలో ఉన్నవి పరాయి పెట్టెల తాళాలు. ఇంటివాడు ఎదురుగా నిలబడితే తప్ప నాన్న నలభై ఏళ్ళలో ఒక్క తాళం తెరవలేదు. ధైర్యంగా రాసేసింది. ఇక ఆరోది. మాటకారితనం. ఊళ్ళో మనుషుల దగ్గరికి వెళ్ళి మాటలు కలపడం, వాళ్ళను మంచి చేసుకోవడం. దాని దగ్గర పెన్సిలు ఆగనే లేదు. మా నాన్నకు మాటలా, అనుకుని నవ్వుకుంటూ రాసింది.

కొత్త మనిషి పుట్టాడు. నాన్న గెలవడం మొదలుపెట్టాడు.

ఆ వారాలు ఆ ఇంట్లో మంచి వారాలు. చార్టమ్మ సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి "రెండు ఎలుకలు" అని వినిపించేది. ఇంకో రోజు "నక్క" అనేవాడు, ఆ ఒక్క మాటలోనే ఎంత గొప్పో. చెంచా చేతిలో నిలిచింది. చొక్కా గుండీలు పైనుంచి మూడు సొంతంగా పెట్టుకున్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి వేళ్ళు పట్టుకుని చూసి ముక్కున వేలేసుకుంది. డిపోలో చార్టమ్మ ఎప్పుడూ లేనిది పాట కూనిరాగం తీసింది. జబ్బును గెలిచానని అనుకోలేదు గానీ, దానికీ ఒక చార్టు వేశానని మాత్రం అనుకుంది. అంత ధీమా ఆమెకు ఎవరిచ్చారో.

ఒకరోజు డిపోలో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. తలుపు తీసేసరికి ముందుగదిలోంచి మాటలు వినిపించాయి. చుట్టాలెవరో వచ్చారనుకుంది. చూస్తే నాన్న తప్ప ఎవరూ లేరు. టీవీలో ఆట నడుస్తోంది. నాన్న ఆడించే మనిషి ఊరి నడిబొడ్డున రొట్టెలవాడి ముందు నిలబడి ఉన్నాడు. ఆటలో ఒక మనిషితో మాట్లాడాలంటే నాలుగు మీటలు, పొగడ్తకొకటి, జోకుకొకటి, గొప్పలకొకటి, బెదిరింపుకొకటి. ఏదో ఒకటి నొక్కితే ఎదుటివాడు నవ్వడమో మొహం మాడ్చుకోవడమో చేస్తాడు. అంతే, మాటలేమీ వినపడవు. ఆ మాటలు నాన్న సొంతంగా పెడుతున్నాడు.

"నీ రొట్టె తాళంలా ఉందయ్యా. తెరవాలంటే నన్ను పిలవాల్సిందే" అన్నాడు నాన్న గట్టిగా, తాపీగా. అని జోకు మీట నొక్కాడు. రొట్టెలవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. అక్కడి నుంచి బావి దగ్గర కూర్చున్న ముసలమ్మ దగ్గరికి వెళ్ళాడు. "మోకాళ్ళెలా ఉన్నాయి తల్లీ?"

"ఎలా ఉంటాయి, మెట్లెక్కితే పటపటమంటున్నాయి" అంది అమ్మ వంటింట్లోంచి.

"నూనె రాయాలి. ఏ కీలుకైనా నూనె రాయాల్సిందే."

"రాసేవాళ్ళెవరు మరి?"

"చెయ్యి కాస్త బాగుంటే నేనే రాద్దును."

అమ్మ గుమ్మంలోకి వచ్చి కూతుర్ని చూసి సిగ్గుపడింది. తర్వాత చిరాకు తెచ్చిపెట్టుకుంది. "చూడవే మీ నాన్న సంబరం. పొద్దున్నుంచీ ఇదే వరస. ఆ సత్రంవాడితో గంట, ఆ గుర్రాలవాడితో గంట. నలభై ఏళ్ళు నాతో మాట్లాడనివన్నీ ఆ బొమ్మలతో మాట్లాడుతున్నారు."

చార్టమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె కళ్ళు తెర మూలన ఉన్న లెవెల్ అంకె మీద పడ్డాయి. ఐదు. రెండు దాటకూడని చోట ఐదు. గబగబా విద్యల పేజీ తెరిచింది. కవచం సున్నా, గొడ్డలి సున్నా, తాళాలు సున్నా. మాటకారితనం పెరిగి పెరిగి పేజీ చివరిదాకా వచ్చేసింది.

"నాన్నా, తోడేళ్ళు వచ్చాయా?"

"నిన్న వచ్చాయి" అన్నాడాయన. "రెండుసార్లు చచ్చాను. మూడోసారి కొట్టాను."

చార్టమ్మ నేలమీద ఆయన కుర్చీ పక్కన కూర్చుని గళ్ళ కాగితం విప్పి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కొత్త తాళం చేతికొచ్చినప్పుడు ఎలా చూసేవాడో ఆ కాగితాన్ని అలా చూశాడు.

"అంటే నేను మాట్లాడబట్టి తోడేళ్ళు వస్తున్నాయా?"

"అవును నాన్నా. ఆరు దాటితే ఎలుగుబంట్లు వస్తాయి. వాటిని కొట్టడం నీవల్ల కాదు."

"మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితేనో?"

"పెట్టొచ్చు. మాటకారితనం తీసేసి ఇంకేదైనా పెడతాను."

నాన్న తెర వైపు చూశాడు. ముసలమ్మ బావి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతోంది. "వద్దులే. మళ్ళీ మొదలుపెడితే వీళ్ళకి నేనెవరో తెలియదు." అప్పుడన్నాడు, ఆయన నోట ఆమె ఎప్పుడూ వినని పొడుగు మాట. "కొట్టుకు వచ్చేవాళ్ళంతా కంగారుగా వచ్చేవాళ్ళు తల్లీ. తాళంచెవి పోయిందనో, పిల్ల లోపల ఉండిపోయిందనో. వాళ్ళతో కబుర్లేం చెబుతాం? చేతులు పని చేస్తుండేవి, నోటితో పనిపడేది కాదు. ఇప్పుడు చేతులు ఖాళీ."

ఇక్కడ ఇంకెవరైనా అయితే ఆగి ఉండేవాళ్ళు. చార్టమ్మ ఆగలేదు. ఆమె కళ్ళ ముందు గిన్నెలో పడిన చెంచా ఉంది. "నాన్నా, నా మాట విను. మాట్లాడకు. కొట్టు, తిరుగు, పూలు కోసుకో, ఏమైనా చేసుకో. మనుషుల దగ్గరికి మాత్రం పోకు. ఐదు దగ్గరే ఆగాలి. నాకోసం."

ఆయన కూతురి మొహం చూశాడు. "సరే" అన్నాడు. "ఐదు దాటనివ్వను."

తాళాలాయన మాటంటే మాటే. ఆ రోజు నుంచి ఆయన మనిషి ఊళ్ళో తలొంచుకుని నడిచాడు. ఎదురుపడిన రొట్టెలవాడు చెయ్యెత్తి పలకరించినా ఆగలేదు. ఊరు దాటి పొలాల్లోకి పోయి, ఒంటరి తోడేలు దొరికితే కొట్టి, తిరిగి వచ్చేవాడు. ముందుగది సద్దుమణిగింది. అమ్మ కొన్నాళ్ళు వంటింట్లో రేడియో పెట్టుకుంది, తర్వాత అదీ మానేసింది. చార్టమ్మ రోజూ డిపో నుంచి రాగానే తెర మూల చూసేది. ఐదు. నాన్న వైపు చూసి బొటనవేలెత్తేది. ఆయన తలూపేవాడు. ఎప్పటి నాన్నే కదా, తలూపే నాన్న. వేళ్ళు బాగా కదులుతున్నాయి. ఇంకేం కావాలి?

పదకొండు వారాలు అలా గడిచాయి. మామూలు పరీక్షకని ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు వేళ్ళు చూసి బాగున్నాయన్నాడు, చాలా బాగున్నాయన్నాడు. చార్టమ్మ మొహం వెలిగిపోయింది. ఆయన నాన్నను పేరు చెప్పమన్నాడు. నాన్న చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆ వచ్చిన శబ్దం పేరులా లేదు. నోట్లో తడిగుడ్డ పెట్టుకుని మాట్లాడినట్టుంది. నాలుక చాపమంటే అది ఒక పక్కకు ఒరిగి వణికింది.

"మాట ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అడిగాడు డాక్టరు.

చార్టమ్మ నోరు తెరిచింది. అమ్మ వైపు చూసింది. అమ్మ ఆమె వైపు చూసింది. నెలా? రెండు నెలలా? నిన్ననా? ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మాట్లాడని మనిషి మాట ఎప్పుడు తడబడిందో ఎవరికి తెలుస్తుంది? నాన్నకే తెలియాలి. ఆయన గోడ మీద కళ్ళ పరీక్ష అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు.

"మాట్లాడుతూ ఉంటే ఆగేదా డాక్టర్ గారూ?" అంది చార్టమ్మ.

"ఆగేది కాదు. వచ్చేది ఎలాగూ వస్తుంది." ఆయన మంచివాడే, ఊరడించడానికే అన్నాడు. "కాకపోతే ముందే తెలిసి ఉంటే ఈ రెండు మూడు నెలలు ఆయనతో మాట్లాడించుకునేవారు. ఇక్కణ్ణించి కష్టం."

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు చూస్తూనే అంది. "ఆ బావి దగ్గర ముసల్దాన్ని మీ నాన్న ఏదో ఒకటి అడిగేవారు, నేను జవాబు చెప్పేదాన్ని. కూర తరుగుతూ కాచుకుని ఉండేదాన్ని, ఇవాళ ఏమడుగుతారా అని. నువ్వు వద్దన్నాక ఆగిపోయింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు కాగితం మీద అన్నీ రాసుకుని వస్తావు కదా. ఇంక నేనేం చెప్పను?" అమ్మ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, తిట్టించుకునైనా తేలికపడేది చార్టమ్మ. తాను ఆపగలిగింది ఒక్కటే ఆపింది, అది నాన్న నోరు. తాను కాపాడిన వేళ్ళు పక్క సీట్లో ఆయన ఒళ్ళో పొందికగా, ఒకదాని పక్కన ఒకటి ఆరోగ్యంగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకు ఏడుపు వచ్చింది, బస్సులో అందరి ముందూ ఏడ్చింది. కండక్టరు ఆమెను గుర్తుపట్టి టిక్కెట్లు అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే ఆమె టీవీ పెట్టింది. కంట్రోలరు నాన్న చేతికిచ్చింది. నేలమీద ఆయన కుర్చీ పక్కన కూర్చుంది.

"ఇక మాట్లాడు నాన్నా. ఎంతమందితో కావాలంటే అంతమందితో. నీకు వచ్చినట్టే మాట్లాడు. లెవెల్ ఎంతైనా కానీ. ఎలుగుబంట్లు వస్తే నేను కొడతాను."

నాన్న మనిషి సత్రంలోంచి బయటికి వచ్చాడు. రొట్టెలవాడు చెయ్యెత్తాడు. నాన్న మనిషి ఆగకుండా ముందుకు నడిచాడు. బావి గట్టు మీద ముసలమ్మ తలెత్తి చూసింది, ఆమెనూ దాటాడు.

"ఆగు నాన్నా. ఆవిడతో మాట్లాడు. మోకాళ్ళెలా ఉన్నాయో అడుగు. అమ్మ వంటింట్లోనే ఉంది, వింటోంది."

ఆయన కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి, శబ్దం వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఆ తర్వాత నవ్వి, కుడిచెయ్యి పైకెత్తి ఆమె ముందు తెరిచాడు. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటే విప్పాడు, చిటికెనవేలు దాకా. ఐదు వేళ్ళూ తిన్నగా నిలబడ్డాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాడి గర్వం ఆయన మొహంలో కనిపిస్తోంది.

"ఏమంటున్నారే?" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి.

"ఐదు దాటలేదంటున్నాడమ్మా" అంది చార్టమ్మ.